పిల్లవాడు కొట్టినప్పుడు, కరిచినప్పుడు మన ఆయమ్మలు ఏం చేయాలి?



పేరెంట్స్ మీటింగ్‌లో నాకు బాగా అలవాటైన మాట ఒకటుంది. "మా వాడు మాట వినకపోతే రెండు తగిలించండి మేడమ్, మేమేమీ అనుకోం." నవ్వుతూనే అంటారు. నేనూ నవ్వుతూనే "అలా కుదరదండీ" అంటాను. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ సంగతి చెప్పి ఊరుకోవచ్చు. కానీ అసలు ప్రశ్న దాని తర్వాత వస్తుంది. మనం కొట్టకూడదు, సరే. పిల్లవాడే కొడితే? పక్క పాప చెయ్యి కరిస్తే? కదులుతున్న బస్సులో లేచి డోరు వైపు పరిగెత్తితే? తలను గోడకేసి బాదుకుంటే? అప్పుడు అక్కడున్న పెద్దవాళ్లు ఏం చేయాలి?

అక్కడున్న పెద్దవాళ్లు అంటే చాలాసార్లు టీచర్ ఉండదు. టాయిలెట్ దగ్గర, డైనింగ్ హాల్లో, మెట్ల మీద, బస్సులో ఉండేది ఆయమ్మ, బస్సు అటెండర్, హాస్టల్ అయితే వార్డెన్. బీఈడీలో నాకు చైల్డ్ సైకాలజీ పేపర్ ఉంది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆయమ్మకు ఎవరూ ఏ పేపరూ చెప్పలేదు. అయినా రోజులో అన్నిటికన్నా కష్టమైన పది నిమిషాలు వచ్చి ఆమె చేతిలోనే పడతాయి.

ఈ జూన్‌లో స్కూలు తెరిచే ముందు మా బ్రాంచ్‌లో రెండు రోజులు ట్రైనింగ్ జరిగింది. ఎప్పుడూ టీచర్లం కుర్చీల్లో కూర్చుంటే ఆయమ్మలు టీ తెచ్చిపెట్టేవాళ్లు. ఈసారి వాళ్లూ మా పక్కనే కూర్చున్నారు. అక్కడ నేర్చుకున్నది మీకు చెప్పాలని ఈ పాఠం రాస్తున్నాను. ఇందులో సగం ఇంట్లో కూడా పనికొస్తుంది.

ముందు నా తప్పు

బీఈడీ అయ్యాక నేను మొదట చేరింది ఇంకో ఊళ్లో ఒక చిన్న స్కూల్లో. ఎల్‌కేజీ ఇచ్చారు. నాలుగేళ్ల బాబు ఒకడు ఇంటికి వెళ్లే వేళకు బెంచీ కింద దూరి కూర్చునేవాడు. ఒకరోజు బస్సు హారన్ మోగుతోంది, డ్రైవర్ కేకలేస్తున్నాడు. నేను వంగి వాడి చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. కొట్టలేదు, తిట్టలేదు, లాగానంతే. వాడు కెవ్వుమన్నాడు. ఆ చేతిని పక్కకు వేలాడేసుకుని ఇంక కదపలేదు. వాపు లేదు, గాయం లేదు. నటిస్తున్నాడేమో అనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది.

సాయంత్రం వాళ్ల నాన్నగారు డాక్టర్‌కు చూపిస్తే తెలిసింది, మోచేతి దగ్గర ఎముక దాన్ని పట్టి ఉంచే పట్టీలోంచి కొంచెం జారిందని. ఐదేళ్లలోపు పిల్లల్లో ఆ పట్టీ ఇంకా గట్టిపడి ఉండదు. చెయ్యి పట్టి గుంజితే చాలు, జారిపోవచ్చు. డాక్టర్ గారు ఒక్క నిమిషంలో సరిచేశారు. కాసేపటికే వాడు అదే చేత్తో బిస్కెట్ తిన్నాడట. మర్నాడు వాళ్ల నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మాకూ తెలీదు మేడమ్, ఇంట్లో మేమూ అలాగే లాగుతుంటాం" అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

అన్నట్టు, ఇంట్లో కూడా చిన్నపిల్లల్ని చేతులు పట్టుకుని గాల్లో ఊపడం, ఒక చేత్తో గుంజి మెట్లెక్కించడం మానేయండి. రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తండి.

ఆరోజు నాకు ఆ బాబు మీద కోపం లేదు. తొందర ఉంది, తెలియకపోవడం ఉంది. ట్రైనింగ్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు ఇద్దరు ఆయమ్మలు నా వైపు అదోలా చూశారు. తర్వాత టీ తాగేటప్పుడు వాళ్లూ తమకు జరిగినవి చెప్పడం మొదలుపెట్టారు.

బోర్డు మీద మూడు గడులు

ట్రైనింగ్ ఇచ్చింది ఒక స్పెషల్ ఎడ్యుకేటర్. పిల్లవాణ్ని ఎలా పట్టుకోవాలో చూపిస్తారని మేమందరం ఎదురుచూస్తుంటే, ఆవిడ మొదటి పూటంతా ఆ ఊసే ఎత్తలేదు. బోర్డు మీద మూడు గడులు గీశారు. ముందు ఏం జరిగింది? పిల్లవాడు ఏం చేశాడు? తర్వాత ఏం జరిగింది? దీన్ని ఏ-బి-సి చార్ట్ అంటారు. ఏదైనా గొడవ జరిగిన రోజు ఈ మూడు గడులూ నింపాలి, టైమ్ వేయాలి. అంతే.

ఇలా రాసి చూసే పద్ధతి మన దగ్గర కొత్తదేమీ కాదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి పక్కన మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మన దేశపు పిల్లల కోసమని అక్కడ 1992లోనే ప్రవర్తనను అంచనా వేసే ఒక స్కేలు తయారుచేశారు. అందులో ఒక భాగంలో 75 రకాల ఇబ్బందికర ప్రవర్తనల్ని 10 గుంపులుగా పెట్టారు. ఇతరుల్ని కొట్టడం, వస్తువులు పగలగొట్టడం, తనను తాను గాయపరుచుకోవడం, ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం, భయాలు, ఇలా. కంటికి కనిపించే పనిని చూసి, అది అసలు లేదా, అప్పుడప్పుడు ఉందా, తరచుగా ఉందా అని గుర్తు పెట్టాలి. "వాడు మొండి" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "లెక్కల పీరియడ్ మొదలైన ఐదు నిమిషాలకు పుస్తకం విసిరాడు" అని రాస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇంతకీ ఏం వెతకాలి? పిల్లలు అలా చేయడానికి ఎక్కువసార్లు కనిపించే కారణాలు నాలుగని ఆవిడ చెప్పారు. ఎవరైనా తన వైపు చూడాలని. చేయలేని పని నుంచో, భరించలేని చోటు నుంచో తప్పించుకోవాలని. కావలసిన వస్తువు దొరకాలని. నాలుగోది ఒంటికి సంబంధించింది. శబ్దం, వెలుతురు, రద్దీ ఎక్కువైనప్పుడు ఊగడం, చెవులు మూసుకోవడం, చెయ్యి కొరుక్కోవడం లాంటివి కొందరు పిల్లల ఒంటికి ఊరటనిస్తాయి. వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది నొప్పి. పంటి నొప్పి, చెవి పోటు, మలబద్ధకం, నిద్రలేమి, ఆకలి. మాట సరిగా రాని పిల్లవాడు వీటిని నోటితో చెప్పలేడు.

ఇక్కడ మా ఆయమ్మ ఒకావిడ లేచింది. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తోంది. "ఎనకట ఒక పోరడు ఉండె మేడమ్, పొద్దంత తలకాయ గుద్దుకునేటోడు. అందరు కోపం అనుకున్నరు. నేను దగ్గరికి తీసుకుంటే చెవిల కెళ్లి వాసనొచ్చింది. చీము. దవఖానకు తీస్కపొమ్మని వాళ్లమ్మకు చెప్పిన. మందు ఏసినంక వారం రోజులకు గుద్దుకునుడు బందయింది." ట్రైనర్ గారు ఆ మాటను తెలుగులోనే, ఆమె అన్నట్టే బోర్డు మీద రాశారు.

చిన్నా, స్టీలు పళ్లేలు

వాళ్ల అమ్మానాన్నల అనుమతితో ఒక బాబు గురించి రాస్తున్నాను. పేరు చిన్నా అనుకుందాం. రెండో తరగతి. చదువులో చురుకే. కానీ లంచ్ టైమ్‌లో పళ్లెం విసిరేసేవాడు. అడ్డం వెళ్లిన ఆయమ్మను గిచ్చేవాడు. ఒకసారి ముంజేతి మీద కరిచాడు, పళ్ల గుర్తులు పడ్డాయి. మేం చేసిందల్లా వాణ్ని బయటికి తీసుకొచ్చి, ఆఫీసు పక్క గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి అన్నం పెట్టించడం. అది పనిష్‌మెంట్ అని మా ఉద్దేశం.

ట్రైనింగ్ అయ్యాక ఎనిమిది రోజులు మూడు గడులూ నింపాం. ఆరు రోజులు గొడవ జరిగింది, రెండు రోజులు జరగలేదు. ఆ రెండు రోజులూ వాన వల్ల పిల్లలు క్లాసులోనే అన్నం తిన్నారు. గొడవ జరిగిన రోజుల్లో మొదటి గడిలో అన్నిసార్లూ ఒకటే ఉంది: డైనింగ్ హాల్, నాలుగు సెక్షన్ల పిల్లలు, స్టీలు పళ్లేల చప్పుడు. మూడో గడిలోనూ ఒకటే ఉంది: నిశ్శబ్దంగా ఉండే గది. పళ్లెం విసిరితే ఈ చప్పుడు నుంచి బయటపడొచ్చని వాడికి నేర్పింది మేమే. పనిష్‌మెంట్ అనుకుని రోజూ ప్రైజ్ ఇస్తూ వచ్చాం.

ఇప్పుడు చిన్నాను బెల్ కొట్టడానికి పది నిమిషాల ముందే తీసుకెళ్తున్నాం. తలుపు దగ్గర చివరి సీటు వాడిది. జేబులో ఒక పసుపు కార్డు ఉంటుంది. చప్పుడు ఎక్కువైందనిపిస్తే ఆ కార్డు చూపించాలి, ఆయమ్మ ఏమీ అడగకుండా బయటికి తీసుకెళ్లాలి. మొదటి వారం వాడు ఐదు నిమిషాలకోసారి కార్డు చూపించాడు. "వీడు మనల్ని ఆడిస్తున్నడు మేడమ్" అని ఆయమ్మ విసుక్కుంది. నాకూ అలాగే అనిపించింది. ట్రైనర్ గారికి ఫోన్ చేస్తే, "పళ్లెం విసరడానికి బదులు అడుగుతున్నాడు కదా, ఇవ్వండి" అన్నారు. రెండో వారానికి కార్డు వాడకం తగ్గింది. పళ్లెం విసరడం పూర్తిగా పోలేదు. గత నెలలో రెండుసార్లు విసిరాడు. ఆ రెండు రోజులూ ఆయమ్మ సెలవులో ఉంది. ఆమె బదులు వచ్చినావిడకు కార్డు సంగతి మేం చెప్పలేదు.

ఈ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే ఉంది. చార్ట్ చూపించినప్పుడు వాళ్ల అమ్మగారు మెల్లగా అన్నారు, "కుక్కర్ విజిల్ వస్తే వీడు మంచం కింద దూరతాడండీ. పెళ్లిళ్లకు వీణ్ని తీసుకెళ్లడం మానేశాం." ఆమెకు మొదటినుంచీ తెలుసు. మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత రాస్తాను.

నోరు తగ్గించడం

రెండో రోజు ప్రాక్టీస్. మా పీఈటీ సార్ కోపమొచ్చిన పిల్లవాడిగా వేషం కట్టారు. ఆరడుగుల మనిషి బెంచీ కింద దూరితే ఆయమ్మలు నవ్వు ఆపుకోలేకపోయారు. ముగ్గురం చుట్టూ నిలబడి "లే నాన్నా", "ముందు సారీ చెప్పు", "ప్రిన్సిపాల్ మేడమ్‌ను పిలవాలా?" అని ఒకేసారి మొదలుపెట్టాం. రెండు నిమిషాలకు సార్ లేచి, "నటనే అనుకున్నా గానీ, మీ ముగ్గురి గోలకు నాకు నిజంగానే కోపమొచ్చింది" అన్నారు. ఆ పూట నేర్చుకున్న పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

కోపం ఒక్కసారిగా నెత్తికెక్కదు. ముందు గుర్తులు కనిపిస్తాయి. కాళ్లు ఊపడం, గోళ్లు కొరకడం, గొంతు మారడం, ముఖం ఎర్రబడటం, లేదా ఉన్నట్టుండి మౌనమైపోవడం. ఏ పిల్లవాడి గుర్తులు వాడివే. మాటలతో ఫలితం ఉండేది అప్పుడే. "నీళ్లు తాగొద్దామా?" అనొచ్చు. "ఈ లెక్క ఇప్పుడు చేస్తావా, మూడు లెక్కలయ్యాక చేస్తావా?" అని రెండు దారులు ఇవ్వొచ్చు. కోపం పూర్తిగా ఎక్కిన తర్వాత మాటలు బుర్రకెక్కవు. అప్పుడు హితబోధ చేయడం మంటలో నూనె పోయడమే. "ఎందుకు చేశావ్?" అన్న ప్రశ్న కూడా అంతే, ఆ క్షణంలో వాడికే తెలియదు.

కాబట్టి ఒక్కరే మాట్లాడాలి. గొంతు తగ్గించి, రెండు మూడు మాటల్లో. ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, చెయ్యి చాచినా అందనంత దూరంలో నిలబడాలి. తలుపుకు అడ్డంగా నిలబడకూడదు, దారి మూసుకుపోయిందనిపిస్తే ఎవరైనా తెగిస్తారు. మిగతా పిల్లల్ని ఇంకో టీచర్ బయటికి తీసుకెళ్లాలి. ఇరవై మంది చూస్తుంటే వెనక్కి తగ్గడం పెద్దవాళ్లకే కష్టం. దగ్గర్లో ఉన్న కత్తెర, కంపాస్ బాక్స్, స్టీలు వాటర్ బాటిల్ తీసేయాలి. "పోలీస్‌కు పట్టిస్తా", "మీ నాన్నకు చెప్తా" లాంటి బెదిరింపులు వద్దు. ఆ తర్వాత ఆగడం. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. ఏమీ చేయకుండా నాలుగు నిమిషాలు నిలబడాలంటే చేతులు ఊరుకోవు.

చెయ్యి వేయక తప్పనప్పుడు

పిల్లవాడు రోడ్డు మీదికి, మెట్ల అంచుకు, బస్సు డోరు వైపు వెళ్తున్నప్పుడు, ఇంకొకరిని లేదా తనను గాయపరుచుకుంటున్నప్పుడు చెయ్యి వేయాల్సి రావచ్చు. మాట వినలేదన్నది అందుకు కారణం కాదు. ప్రమాదం ఉన్నంతసేపే, వీలైనంత తక్కువ పట్టు.

బస్సులో అయితే మొదటి పని డ్రైవర్‌కు చెప్పి బండి పక్కకు ఆపించడం. కదిలే బస్సులో పిల్లవాడితో పెనుగులాడితే ఇద్దరూ పడతారు. తల గోడకేసి కొట్టుకుంటుంటే తల గట్టిగా పట్టుకోవద్దు, గోడకూ తలకూ మధ్య దిండో, స్కూలు బ్యాగో, చివరికి మన అరచెయ్యో పెట్టాలి. కరిస్తే మనందరం చెయ్యి వెనక్కి లాక్కుంటాం. లాగితే చర్మం చీరుతుంది. లాగకుండా ఆ చేతిని మెల్లగా నోటి వైపే నెడితే దవడ వదులవుతుంది. జుట్టు పట్టుకుంటే ఆ పిడికిలిని మన చేత్తో మన తలకే అదిమి ఉంచాలి. అప్పుడు కుదుళ్లు లాగవు, వేళ్లు వదులయ్యేదాకా ఓపిక పట్టొచ్చు. ఈ రెండూ మేం ఒకరి మీద ఒకరం చేసి చూశాం. కరిచిన చోట సబ్బుతో బాగా కడగాలి, చర్మం తెగితే డాక్టర్‌కు చూపించాలి.

ఇక ఎప్పటికీ చేయకూడనివి ఉన్నాయి. బోర్లా పడేసి అదమడం, మీద కూర్చోవడం, ఛాతీ మీద, వీపు మీద, మెడ మీద బరువు వేయడం, చెయ్యి వెనక్కి మెలిపెట్టడం, కుర్చీకి కట్టేయడం, గదిలో పెట్టి గడియ వేయడం. ఊపిరి తీసుకోవాలంటే ఛాతీ, పొట్ట కదలాలి. బోర్లా ఉన్న మనిషి వీపు మీద బరువు పడితే అవి కదలవు. అప్పుడు పిల్లవాడు గాలి కోసం ఇంకా గట్టిగా గింజుకుంటాడు. పట్టుకున్నవాళ్లు దాన్ని మొండితనం అనుకుని ఇంకా గట్టిగా అదుముతారు. ప్రాణం పోయే దారి ఇదే.

ఇది ఊహించి రాస్తున్న భయం కాదు. 2010లో లండన్‌లో ఒలసెని లూయిస్ అనే 23 ఏళ్ల యువకుణ్ని ఒక మానసిక ఆసుపత్రిలో 11 మంది పోలీసులు అదిమి పట్టుకున్నారు. అతను కుప్పకూలాడు, తర్వాత చనిపోయాడు. తల్లిదండ్రులు ఏళ్లపాటు పోరాడాక 2018లో అక్కడ ఒక చట్టం వచ్చింది. జనం దాన్ని సెనీ చట్టం అంటారు. మానసిక ఆసుపత్రుల్లో సిబ్బందికి దీని మీద ట్రైనింగ్ ఇవ్వాలని, బలప్రయోగం చేస్తే రికార్డు రాయాలని అది చెబుతోంది. అది ఆసుపత్రి, అతను పెద్దవాడు, మనది స్కూలు. కానీ ఊపిరి ఆడే తీరు అందరికీ ఒకటే. పిల్లవాడి ఛాతీ ఇంకా చిన్నది.

గొడవ సద్దుమణిగాక

కోపం దిగడానికి అరగంట పట్టొచ్చు, గంట కూడా పట్టొచ్చు. ఆలోపు సారీ చెప్పించడం, ప్రిన్సిపాల్ రూమ్‌కు తీసుకెళ్లడం లాంటివి చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. నీళ్లు ఇచ్చి, నెమ్మదిగా కూర్చోనివ్వాలి. దెబ్బలేమైనా తగిలాయా చూడాలి. మాట్లాడటం తర్వాత, అదీ తక్కువ. "చప్పుడు ఎక్కువైందా? ఈసారి కార్డు చూపించు." అంతే చాలు.

ఆయమ్మ గురించి కూడా ఒక మాట. చిన్నా కరిచిన రోజు ఆమె చెయ్యి కడుక్కుని, ఐదు నిమిషాల్లో ఒకటో తరగతి పిల్లలకు అన్నం కలపడానికి వెళ్లిపోయింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. అలా వెళ్లిన మనిషి తర్వాతి పిల్లవాడి మీద విసుక్కుంటే తప్పు ఆమెదా? ఇప్పుడు మా బ్రాంచ్‌లో అలాంటిది జరిగితే ఆ మనిషిని పది నిమిషాలు కూర్చోబెట్టి, పని ఇంకొకరు చూస్తున్నారు. రెండు రోజుల ట్రైనింగ్‌తో అంతా అయిపోదని కూడా ఒప్పుకోవాలి. బస్సు అటెండర్లు తరచూ మారుతుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరు చెప్పాలన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. ప్రస్తుతానికి పాత ఆయమ్మలే చెబుతున్నారు.

జరిగింది అదే రోజు రాయాలి, అదే రోజు మీకు చెప్పాలి. పిల్లవాడి మీద చెయ్యి వేయాల్సి వస్తే ఎవరు, ఎక్కడ, ఎంతసేపు పట్టుకున్నారో కూడా చెప్పాలి. చెప్పకపోతే మీరు అడగండి. డైరీలో "మిస్‌బిహేవ్ చేశాడు" అని మాత్రమే రాసి పంపితే "ముందు ఏం జరిగింది మేడమ్?" అని అడగండి. నా డైరీ నోట్ అయినా సరే.

మీ దగ్గరున్న సగం

చిన్నా వాళ్ల అమ్మగారు కుక్కర్ విజిల్ సంగతి ఎందుకు చెప్పలేదు? నేను అడిగితే, "చెబితే సీటు ఇవ్వరేమో అనుకున్నామండీ" అన్నారు. ఈ భయం ఆమె ఒక్కరిదే కాదని నాకు తెలుసు. డాక్టర్ రిపోర్ట్ బీరువాలో పెట్టి, స్కూల్లో "కొంచెం అల్లరి" అని చెప్పేవాళ్లను నేను చూశాను. ఎవరినీ తప్పుపట్టలేను. స్కూళ్ల తీరే వాళ్లకు ఆ భయం నేర్పింది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలను చేర్చారు. ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ కూడా అందులో ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలని ఆ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. సంస్థ మొత్తం తరఫున మీకు హామీ ఇచ్చేంత పెద్ద హోదా నాకు లేదు. కానీ క్లాస్ టీచర్‌గా ఇది చెప్పగలను. మీరు చెప్పని సంగతి మాకు ఒకరోజు ఎలాగూ తెలుస్తుంది. డైనింగ్ హాల్లో, అందరి ముందు, పిల్లవాడికో ఆయమ్మకో దెబ్బ తగిలాక తెలుస్తుంది. ముందే తెలిస్తే ఒక పసుపు కార్డుతో పోయేది.

ఏ రిపోర్టూ లేని పిల్లలకూ ఇది అవసరమే. ఇంట్లో తమ్ముడు పుట్టినా, తాతయ్య పోయినా, రాత్రి సరిగా నిద్రపోకపోయినా మామూలు పిల్లలే కొడతారు, అరుస్తారు.

ఈ నెల డైరీతోపాటు ఒక పేజీ ఫారం పంపుతున్నాం. ఐదు ప్రశ్నలు. మీ పిల్లలకు బాగా ఇబ్బంది కలిగించేవి ఏమిటి? కోపం వచ్చే ముందు వాళ్లలో కనిపించే గుర్తు ఏమిటి? అప్పుడు ఇంట్లో ఎవరి మాట వింటారు, ఏం చేస్తే నెమ్మదిస్తారు? ఏం చేస్తే ఇంకా పెరుగుతుంది? ఫిట్స్, ఆస్తమా లాంటివి ఏమైనా ఉన్నాయా? రాసేముందు వారం రోజులు ఇంట్లో మూడు గడులూ నింపి చూడండి, మీకే కొన్ని ఆశ్చర్యంగా అనిపిస్తాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇన్నాళ్లూ ఏడిస్తే ఇచ్చిన ఫోన్‌ను ఇకమీదట ఇవ్వకూడదనుకుంటే, మొదటి కొన్ని రోజులు ఏడుపు ఇంకా పెరుగుతుంది. మూడో రోజున ఇచ్చేస్తే, ఇంకా గట్టిగా ఏడవాలని నేర్పినట్టవుతుంది. నానమ్మ, తాతయ్యలకు కూడా ముందే చెప్పి మొదలుపెట్టండి.

తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే. ఫారం క్లాస్ టీచర్ దగ్గర కవర్‌లో ఉంటుంది. మీ పిల్లలతో ఉండే ఆయమ్మకు, బస్సు అటెండర్‌కు అవసరమైన రెండు మూడు మాటలు మాత్రం మేం చదివి చెబుతాం. రాయడం ఇబ్బందైతే ఏ శనివారమైనా మూడు గంటల తర్వాత రండి, కూర్చుని మీరు చెప్పింది రాసుకుంటాను. ఆయమ్మతో నేరుగా మాట్లాడాలన్నా మాట్లాడొచ్చు. చిన్నా వాళ్ల అమ్మగారు అలాగే వచ్చారు. నాతో పది నిమిషాలు మాట్లాడి, ఆయమ్మతో ముప్పావు గంట మాట్లాడి వెళ్లారు.